పిల్లల్ని దింపి వెళ్ళకండి, మీరూ మ్యాట్ ఎక్కండి: ఇంటిల్లిపాదీ తైక్వాండో నేర్చుకునే పద్ధతి

మా తైక్వాండో స్కూల్లో గోడవారగా పద్నాలుగు కుర్చీలుంటాయి, పిల్లల్ని తీసుకొచ్చిన పెద్దవాళ్ళు కూర్చోవడానికి. ఎనిమిది నెలలపాటు వాటిలో కిటికీ పక్క కుర్చీ నాది. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఆఫీసు మెయిళ్ళు చూసుకుంటూ, మధ్యమధ్యలో తలెత్తి మా అమ్మాయి కాలు ఎంత ఎత్తు లేచిందో చూసేదాన్ని. ఒకరోజు క్లాసయ్యాక మాస్టర్ గారు నా దగ్గరికొచ్చి, "గురువారం ఫ్యామిలీ క్లాసుంది. మీరు చెప్పులు విప్పి లోపలికి వస్తే చాలు, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు. అప్పుడు నాకు ముప్ఫై తొమ్మిదేళ్ళు. ఇప్పుడు నలభై మూడు, నడుముకు ఎర్ర బెల్టు.

మేముండేది టెక్సాస్‌లో, డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. ఇక్కడ తెలుగువాళ్ళం చాలామందిమి ఉన్నాం. పిల్లల్ని కొత్తగా చేర్పించిన ప్రతి అమ్మా నన్ను అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. వాళ్ళందరికీ ఫోన్లో చెప్పేది ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

స్కూల్ ఎంచుకునేటప్పుడు

మేం మొదట చేరింది వేరే చోట. రెండో క్లాసు అవ్వగానే మూడేళ్ళ కాంట్రాక్టు ముందుపెట్టి, ఈరోజే సంతకం చేస్తే తగ్గింపు అన్నారు. చేసేశాం. ఆర్నెల్లకే మా అబ్బాయికి అక్కడికి వెళ్ళాలంటే భయం మొదలైంది, తప్పు చేసినవాణ్ణి అందరి ముందూ నిలబెట్టేవాళ్ళు. మానేద్దామంటే డబ్బు వెనక్కి రాలేదు. అందుకే మొదటి మాటగా చెబుతున్నాను: చేరకముందు ఒక పూర్తి క్లాసు కూర్చుని చూడండి. అందరికంటే బాగా చేసే పిల్లాణ్ణి చూడకండి, అందరికంటే వెనకబడ్డ పిల్లాణ్ణి చూడండి. మాస్టర్ వాడి దగ్గర ఆగుతున్నారా? మోకాళ్ళ మీద కూర్చుని వాడి పాదం సరిచేస్తున్నారా? ఆ ఒక్కటి చూస్తే స్కూల్ సంగతి తెలిసిపోతుంది.

తర్వాత డబ్బు సంగతి. నెలనెలా కట్టే వీలుందా, బెల్ట్ టెస్టుకు విడిగా ఎంత, స్పారింగ్ (ఇద్దరు జోడీగా తలపడే సాధన) సామాను వాళ్ళ దగ్గరే కొనాలా, కుటుంబంలో రెండో మనిషికీ మూడో మనిషికీ ఫీజు తగ్గుతుందా అని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

ఇంకో ప్రశ్న మనలాంటి వాళ్ళకు చాలా ముఖ్యం: బ్లాక్ బెల్ట్ సర్టిఫికెట్ ఎక్కణ్ణుంచి వస్తుంది? తైక్వాండో అనే పేరు 1955లో కొరియాలో పెట్టారు. తే అంటే కాలు, క్వన్ అంటే పిడికిలి, దో అంటే మార్గం. తర్వాత ఇందులో రెండు పెద్ద పాయలు ఏర్పడ్డాయి. 1966లో పుట్టిన ఐటీఎఫ్ (ఇంటర్నేషనల్ తైక్వాండో ఫెడరేషన్) ఒకటి. 1972లో సియోల్‌లో కట్టిన కుక్కివన్ అనే కేంద్రం, 1973లో మొదలైన ప్రపంచ సమాఖ్య కలిసి రెండోది. 2000లో సిడ్నీ నుంచి ఒలింపిక్స్‌లో పతకాలిస్తున్నది ఈ రెండో పద్ధతికి. ఉద్యోగాలూ వీసాలూ ఎటు తిప్పితే అటు వెళ్ళే కుటుంబాలం మనం. కుక్కివన్ సర్టిఫికెట్ ఉంటే పిల్లలు రేపు హైదరాబాద్‌లో చేరినా, సింగపూర్‌లో చేరినా అది చెల్లుతుంది. పదిహేనేళ్ళలోపు పిల్లలకు బ్లాక్ బెల్ట్ స్థాయిని దాన్ అని కాకుండా పూమ్ అని ఇస్తారు, వాళ్ళ బెల్టు సగం ఎరుపు, సగం నలుపు. అది చూసి మా పక్కింటావిడ సగం పాసైందేమో అనుకున్నారు. కాదు, అది వయసును బట్టి ఇచ్చేది.

టెక్సాస్‌కూ ఈ విద్యకూ పాత బంధముంది. అమెరికాలో తైక్వాండోకు ఆద్యుడిగా చెప్పుకునే జూన్ రీ 1950ల చివర్లో ఈ రాష్ట్రంలోనే, శాన్ మార్కస్‌లో చదువుకుంటూ తోటి విద్యార్థులకు నేర్పారు. 1962లో వాషింగ్టన్ డీసీ వెళ్ళి సొంత స్కూల్ తెరిచారు. ఇప్పుడు ప్రతి షాపింగ్ కాంప్లెక్స్‌లో కిరాణా కొట్టు పక్కన ఒక తైక్వాండో స్కూల్ కనిపిస్తోందంటే, దారి వేసింది అలాంటివాళ్ళే.

మొదటి క్లాసుకు ముందు

వేసుకునే తెల్ల బట్టల్ని దోబోక్ అంటారు. వాటిని వేసుకుని అన్నం తినొద్దు, పిల్లలకూ పెట్టొద్దు. పసుపు మరక పడితే వదలదు. క్లాసుకు రెండు గంటల ముందు ఒక అరటిపండో, రెండు ఇడ్లీలో చాలు. పొట్టనిండా అన్నం తిని వెళ్తే మొదటి పది నిమిషాల ఎగురుళ్ళకే తెలుస్తుంది.

నగలన్నీ తీసెయ్యాలి. చెవి రింగులు, గాజులు సరే, ఇబ్బంది వచ్చేది నల్లపూసలతోనూ మెట్టెలతోనూ. ఇది చాలామంది ఆడవాళ్ళు పైకి అడగరు, కానీ ఇందుకోసమే చేరకుండా ఆగిపోతారు. నేను నల్లపూసలు తీసి దేవుడి దగ్గర కుంకుమ భరిణె పక్కన పెట్టి వెళ్తాను, రాగానే వేసుకుంటాను. మెట్టెలకు మొదట్లో ప్లాస్టర్ చుట్టి చూశాను. పాదం ముందుభాగం మీద తిరిగేటప్పుడు వేళ్ళు ఒరుసుకుని కందిపోయాయి. పైగా ఎదుటి మనిషికి గీసుకునే ప్రమాదముంది. కాబట్టి వాటినీ తీసేస్తున్నాను. మీకు మనసొప్పకపోతే మాస్టర్‌తో ముందే మాట్లాడి, స్పారింగ్ లేని రోజుల్లో టేపు చుట్టుకుని చేయండి. జుట్టు గట్టిగా జడ వేసుకుని రబ్బరు బ్యాండు పెట్టండి, క్లిప్పులు వద్దు.

బెల్టు కట్టడం నాకు నేర్పింది మా అబ్బాయి. బెల్టు సరిగ్గా మధ్య భాగాన్ని బొడ్డు దగ్గర ఆనించాలి. రెండు కొసల్నీ వెనక్కి తీసుకెళ్ళి, నడుము వెనక ఒకదాని మీద ఒకటి వేసి, మళ్ళీ ముందుకు తేవాలి. కొసలు సమానంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఇప్పుడు ఒక కొసను రెండోదాని మీదుగా వేసి, నడుముకున్న రెండు చుట్ల కింది నుంచి దూర్చి పైకి లాగాలి. తర్వాత రెండింటినీ ఇంకో ముడి వేసి బిగించాలి. కొసలు రెండూ చెరో పక్కకు వాలితే ముడి సరిగ్గా పడినట్టు. ఒకటి పైకీ ఒకటి కిందికీ చూస్తుంటే రెండో ముడి తిరగబడింది, విప్పి మళ్ళీ వేయండి. క్లాసు మధ్యలో బెల్టు ఊడితే మాస్టర్ వైపు వీపు తిప్పి, మోకాలి మీద కూర్చుని కట్టుకోవాలి.

వరసలో మీ చోటు

బెల్టును బట్టే వరస. వయసు లెక్కలోకి రాదు. ముందు వరసలో కుడి పక్క పెద్ద బెల్టులుంటాయి. నేను చేరిననాటికి మా అమ్మాయి గ్రీన్ బెల్ట్, వయసు తొమ్మిది. మా అబ్బాయి ఎల్లో, వాడికి ఆరు. నేను అందరికంటే వెనక, వైట్. వాడి మెడ వెనక పుట్టుమచ్చ చూస్తూ నేర్చుకున్నాను.

ఇక్కడ పెద్దవాళ్ళు పాటించాల్సింది ఒకటుంది, ఇది అన్నిటికంటే కష్టం. మ్యాట్ మీద ఉన్నంతసేపు మీ పిల్లల్ని మీరు సరిదిద్దకండి. "కాలు ఎత్తు, అటు చూడు, నవ్వకు" అనే మాటలన్నీ గుమ్మం బయట చెప్పుల దగ్గరే వదిలేయండి. మొదటి నెల నేను ఉండబట్టలేక రెండుసార్లు అన్నాను. రెండోసారి మా అమ్మాయి తిరిగి చూసిన చూపు నాకింకా గుర్తే. వాళ్ళకు అక్కడ తప్పు దిద్దడానికి గురువున్నాడు. మీరు నేర్చుకుంటూ కనిపిస్తే చాలు. మీరు తడబడి, మళ్ళీ మొదలుపెట్టి, చెమటలు కారుస్తూ నిలబడటం వాళ్ళు పక్కనుంచి చూస్తారు. ఇంటికొచ్చాక లెక్కల హోంవర్క్ దగ్గర దాని ఫలితం నేను కళ్ళారా చూశాను. ముందైతే మా అమ్మాయి లెక్క రాకపోతే పుస్తకం మూసేసేది, ఇప్పుడు "ఇంకోసారి చేస్తా" అంటుంది.

అంకెలు కొరియన్‌లో లెక్కపెడతారు: హానా, తూల్, సెత్, నెత్, తాసత్, యసత్, ఇల్గోప్, యదల్, అహోప్, యల్. స్నానం చేయించేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు పిల్లలతో కలిసి లెక్కపెట్టండి, వారంలో వచ్చేస్తాయి. చర్యత్ అంటే నిటారుగా నిలబడాలి, క్యంగ్‌న్యే అంటే వంగి నమస్కరించాలి, జున్బీ అంటే సిద్ధం, సిజాక్ అంటే మొదలు. మనవాళ్ళకు ఆ భాష అంత పరాయిగా అనిపించదు. మా మాస్టర్ గారి మనవరాలు వాళ్ళమ్మను "ఒమ్మా" అనీ, నాన్నను "అప్పా" అనీ పిలుస్తుంటే మొదటిరోజు నేను తిరిగి చూశాను.

ఇంట్లో సాధన

వారానికి రెండు క్లాసులు పిల్లలకు సరిపోతాయి, మనకు చాలవు. ముందుగా ఒళ్ళు వేడెక్కించుకోకుండా కాళ్ళు సాగదీయకండి. ఐదు నిమిషాలు ఉన్నచోటే నడవండి, తర్వాతే సాగదీయండి. నలభై దగ్గరపడ్డాక తొడ వెనక కండరం పట్టేస్తే తగ్గడానికి ఆరువారాలు పట్టొచ్చు, నాకు పట్టింది.

ముందు నేర్పే తన్ను అప్ చాగీ, ఎదురుగా తన్నడం. మోకాలు ముందు నడుము ఎత్తుకు లేవాలి, తర్వాత పాదం విసరాలి, కాలివేళ్ళు వెనక్కి లాగి పాదం ముందుభాగంతో తగిలించాలి, మళ్ళీ మోకాలు మడిచి అప్పుడు కింద పెట్టాలి. నేను వంటింటి గట్టు పట్టుకుని చేస్తాను. కుక్కర్ పెట్టి, మొదటి విజిల్ వచ్చేదాకా కుడికాలు, రెండో విజిల్ దాకా ఎడమకాలు. నెమ్మదిగా, గాల్లో మోకాలు ఆపి మూడు అంకెలు లెక్కపెట్టి దించాలి. పక్కకు తిప్పి తన్నే దోల్యో చాగీలో మాత్రం నేల మీదున్న పాదం తప్పకుండా తిరగాలి, మడమ లక్ష్యం వైపు రావాలి. పాదం తిరగకుండా నడుము తిప్పితే ఆ మెలిక అంతా మోకాలి మీద పడుతుంది. కార్పెట్ మీద పాదం సరిగ్గా తిరగదు కాబట్టి ఈ తన్ను ఇంట్లో టైల్స్ మీదే చేయండి.

పూమ్‌సే అంటే ఒక క్రమంలో చేసే కదలికల వరస. మొదటిది తేగుక్ ఇల్ జాంగ్, పద్దెనిమిది కదలికలు. పిల్లలు చూసి పట్టేస్తారు, మనకు దారి తెలియాలి. నాకు అది ముగ్గు అనుకున్నాకే వచ్చింది. ఒక నిలువు గీత, దాని మీద మూడు అడ్డగీతలు, అంతే. హాల్లో కాగితం టేపుతో ఆ గీతలు వేయండి. రెండు రోజులు చేతులు నడుముకు పెట్టుకుని పాదాలు మాత్రమే నడిపించండి. మామూలుగా నడిచినంత అడుగు అప్ సగీ, దానికంటే పొడుగు వేసి ముందు మోకాలు వంచితే అప్ కుబీ. ఏ మలుపులో ఏ అడుగో కాళ్ళకు వచ్చాక చేతులు కలపండి: మొదట ఎడమకు తిరిగి కింద అడ్డుకోవడం, అడుగేసి పిడికిలి, వెనక్కి తిరిగి అదే కుడివైపు. చివరి పిడికిలితో పాటు పొట్టలోంచి అరవాలి, దాన్ని కిహాప్ అంటారు. ఆడవాళ్ళకు ఆ అరుపు రావడానికి నెలలు పడుతుంది. గట్టిగా మాట్లాడొద్దని చిన్నప్పటి నుంచి విన్న గొంతు కదా. కారు అద్దాలు మూసుకుని అరవండి. నేను అలాగే మొదలుపెట్టాను.

కాలు తగిలితే

మనింట్లో పుస్తకానికో మనిషికో కాలు తగిలితే చేత్తో తాకి కళ్ళకద్దుకుంటాం. స్పారింగ్ మొదలుపెట్టిన రోజు మా అమ్మాయికి జోడీగా నన్నే నిలబెట్టారు. ఛాతీకి హోగు అనే కవచం, తలకు హెల్మెట్, పళ్ళకు గార్డు, ముంజేతులకూ పిక్కలకూ తొడుగులు అన్నీ వేసుకున్నాం. అది తన్నింది. మంచి తన్ను, శబ్దమొచ్చింది. వెంటనే ఆగి, గ్లవ్స్ వేసుకున్న చేత్తో నా హోగు తాకి కళ్ళకద్దుకుంది. మాస్టర్ గారు ఆట ఆపి ఎందుకని అడిగారు. చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "మొదట్లో వంగేది అందుకే. నా కాలు తగలొచ్చు, మన్నించండి అని. చివర్లో మళ్ళీ వంగేది ధన్యవాదానికి" అన్నారు.

మీ పిల్లలకూ ఇది ముందే చెప్పండి. లేకపోతే పెద్దవాళ్ళను తన్నలేక భయపడతారు, లేదా కాలు తగలడమంటే పట్టింపు లేకుండా పోతుంది. రెండూ మంచివి కావు. మా అత్తయ్య గారు ఇండియా నుంచి వచ్చినప్పుడు "కన్నతల్లిని తన్నించే చదువేమిటమ్మా" అని బాధపడ్డారు. నేను వాదించలేదు, క్లాసుకు తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. వాళ్ళు వంగి నమస్కరించుకోవడం చూశాక ఆ మాట మళ్ళీ అనలేదు.

పాయింట్లు తెలిస్తే పోటీలు చూడటం బాగుంటుంది: పిడికిలికి ఒకటి, ఛాతీ మీద తన్నుకు రెండు, తల మీద తన్నుకు మూడు, ఒళ్ళు గిర్రున తిప్పి తన్నితే ఇంకో రెండు కలుస్తాయి. మా క్లాసులో చిన్నపిల్లలకు తల మీద తన్నడం లేదు.

చెక్క పట్టుకోవడం

బెల్ట్ టెస్టులో చెక్క పగలగొట్టేవాళ్ళ గురించి అందరూ మాట్లాడతారు, పట్టుకునేవాళ్ళ గురించి ఎవరూ చెప్పరు. మా అమ్మాయి బ్లూ బెల్ట్ టెస్టులో చెక్క పట్టుకునే పని నాకిచ్చారు. పక్కకు తన్నే యప్ చాగీ. మొదటిసారి పగల్లేదు, రెండోసారీ పగల్లేదు. మూడోసారి తన్నాక అది కాలు పట్టుకుని కూర్చుంది, మడమ ఎర్రగా కందిపోయింది. తప్పు దానిది కాదు. కాలు వస్తుంటే దానికి దెబ్బ తగులుతుందేమోనని నా మోచేతులు ప్రతిసారీ వెనక్కి వంగిపోయాయి. దాని బలమంతా నా చేతుల్లోకి పోయింది. మాస్టర్ గారు చెక్క తీసుకుని తనే పట్టుకున్నారు, ఒక్క తన్నుకు రెండు ముక్కలైంది. ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

అందుకే ఇది శ్రద్ధగా చదవండి. పెద్దవాళ్ళకు వాడేది ముప్పావు అంగుళం మందమున్న పైన్ చెక్క, పిల్లలకు ఇంకా పలచనిది. చెక్క మీద గీతలు కనిపిస్తాయి. ఆ గీతలతో పాటు సాగే రెండు అంచుల్ని చెరో చేత్తో పట్టుకోవాలి, అప్పుడే గీతల వెంట మధ్యలో చీలుతుంది. కట్టెలు కొట్టినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. అరచేతి మడమలు చెక్క వెనక ఆనాలి, వేళ్ళ కొసలు అంచు మీదే ఉండాలి, ముందుకు రాకూడదు. ఒక కాలు వెనక్కి వేసి గట్టిగా నిలబడండి. మోచేతులు తిన్నగా, బిగించి. ముఖం కొంచెం పక్కకు. కాలు తగిలే క్షణంలో వెనక్కి జరగకుండా, ఆ బరువుకు ఎదురు నిలవాలి. తన్నేవాళ్ళు ముందు నెమ్మదిగా ఒకసారి పాదం ఆనించి దూరం చూసుకోవాలి, చూపు చెక్క మీద కాకుండా దాని వెనక మీ చొక్కా మీద ఉండాలి.

మళ్ళీ మళ్ళీ అతికించుకునే ప్లాస్టిక్ బోర్డు ఒకటి కొని, నేనూ మా ఆయనా ఇంట్లో పట్టుకోవడం సాధన చేశాం. మూడు నెలల తర్వాత జరిగిన టెస్టులో మళ్ళీ నేనే పట్టుకున్నాను. ఆ చెక్క ముక్క మీద మా అమ్మాయి తేదీ రాసి పెట్టుకుంది. దసరాకు ఆయుధపూజలో బెల్టులతో పాటు అదీ పెడతాం.

స్కూల్లో అందరితో

టెస్ట్ అయ్యాక అందరూ ఇంటి నుంచి ఏదో ఒకటి వండి తెస్తారు. నేను పులిహోర తీసుకెళ్తాను, పల్లీలు వేయకుండా. పల్లీలు పడని పిల్లలు ఇద్దరున్నారు. గిన్నె మీద ఏమేం వేశామో కాగితం అంటించండి. శాకాహారులైతే కిమ్చీ తినేముందు అడగండి, అందులో చేపల రసమో ఉప్పు రొయ్యలో వేయడం మామూలే. చాలా ఏళ్ళు వినాయక చవితి తర్వాత పది పదకొండు రోజులకు వచ్చే పున్నమికి వాళ్ళ చూసక్ పండగ వస్తుంది. మాస్టర్ గారి భార్య సాంగ్‌ప్యన్ చేసి తెస్తారు, బియ్యప్పిండిలో తీపి నువ్వులు పెట్టి అర్ధచంద్రాకారంలో మడిచి ఆవిరి మీద ఉడికిస్తారు. చవితికి మా ఇంటి కుడుములు ఆవిడకు ఇచ్చాను. ఇద్దరం ఒకరి వంటింట్లో ఒకరం కూర్చుని చేసుకునేంత స్నేహం అలా కుదిరింది.

పని అడిగి చేయండి. శనివారం ఉదయం మ్యాట్లు తుడవడానికి మనుషులు కావాలి. కొత్తగా చేరిన చిన్నపిల్లలకు బెల్టు కట్టాలి. ఆ తుడిచే గుడ్డ పట్టుకున్నప్పుడే నాకు అందరి పేర్లూ తెలిశాయి. మా నాన్నకు బైపాస్ ఆపరేషన్ అన్నప్పుడు నేను ఉన్నపళంగా ఒంగోలు వెళ్ళాను, మా ఆయనకు ఆఫీసులో రాత్రిళ్ళు పని. నెల రోజులు మా పిల్లల్ని క్లాసుకు తీసుకెళ్ళి, తీసుకొచ్చి, అన్నం పెట్టింది మా ముందు వరసలో నిలబడే అరవై నాలుగేళ్ళ బ్లాక్ బెల్ట్ ఆవిడ. అడగలేదు, తనే వచ్చింది.

ఊరెళ్ళినా సాధన ఆపకండి. దోబోక్ అక్కర్లేదు, బెల్టొకటి పెట్టెలో వేసుకుంటే చాలు. ఒంగోల్లో రోజూ పొద్దున్నే డాబా మీద ఇల్ జాంగ్ నుంచి మొదలుపెట్టి నాకొచ్చినవన్నీ చేసేదాన్ని. నాన్నను డాక్టర్ నెమ్మదిగా నడవమన్నారు. ఆయన పిట్టగోడ పక్కన నడుస్తూ నేను లెక్కపెట్టే అంకెలు విని, మూడో రోజుకి తనే మొదలుపెట్టారు. హానా, తూల్, సెత్ అంటూ అడుగుకొక అంకె. ఇల్గోప్ దగ్గర మాత్రం ఎప్పుడూ ఆగిపోయేవారు. ఏడు అని, ఆ తర్వాత ఎనిమిది, తొమ్మిది, పది తెలుగులోనే పూర్తిచేసి, గోడ పట్టుకుని వెనక్కి తిరిగేవారు. నేనూ అక్కడే తిరిగేదాన్ని.